వీలునామాలో మిగిలిన పాత పేర్లు: వెతకాలా, వదిలేయాలా?

హనుమకొండ నుంచి ఉద్యోగ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయురాలు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. తన పేరు, ఊరి పేరు బయటపెట్టవద్దని కోరినందువల్ల పరకాల వైపు ఒక పల్లె అని మాత్రమే చెప్పి, ఆమె రాసిన విషయాన్ని కుదించి ముందుగా ఇస్తున్నాను.

గత ఏడాది వారి బాపు కాలం చేశారు. ఆయన సందుగ సర్దుతుండగా బట్టలో చుట్టిన ఒక ఉర్దూ కాగితం, దానికి ఎవరో ఎప్పుడో నోటుబుక్కు పేజీ మీద రాసిపెట్టిన తెలుగు తర్జుమా దొరికాయి. అది బాపుకు నాయనమ్మ, అంటే ఈమెకు ముత్తవ్వ, వేలిముద్ర వేసి రాయించిన వీలునామా. తేదీ చోట ‘1338, ఖుర్దాద్’ అని ఉంది. చెరువు కింది తరి పొలాన్ని, ఇంటిని ఇద్దరు కొడుకులకు పంచి, తనకు పసుపు కుంకుమల కింద వచ్చిన చెలకను, అంటే మెట్ట భూమిని, మాత్రం ముత్తవ్వ తన ఒక్కగానొక్క బిడ్డకు రాసింది. ఆ చెలకకు తూర్పున బోతారం పోయే బాట, దక్షిణాన గొండ్లకుంట శిఖం, పడమర కుమ్మరోళ్ల చెలక, ఉత్తరాన జువ్విబాయి ఒర్రె హద్దులని తర్జుమాలో ఉంది. ఊరి పెద్దలను అడిగితే ఈ నాలుగింటిలో ఒక్కటీ తమ శివారులో లేదన్నారు.

తమ ప్రాంతపు పాత పేర్లను కూర్చి ఒక చిన్న పుస్తకం రాయాలన్నది ఈ పాఠకురాలి చిరకాల కోరిక. ఈ కాగితం దొరకడంతో ఆ పని మొదలుపెట్టారు. అంతలోనే ఇంట్లో కలత పుట్టింది. తమ్ముడు 1338ని హిజ్రీ సంవత్సరంగా లెక్కగట్టి అది 1919 నాటి కాగితమంటున్నారు. గొండ్లకుంట అంటే గోండుల కుంట కనుక ఆ భూమి ములుగు అడవి వైపు ఉంటుందని, ఇప్పుడు అటువైపు ధరలు పెరిగాయి కనుక నకలు ఇస్తే భూముల వ్యవహారాలు తెలిసిన ఒకాయనకు చూపిస్తానని పట్టుబడుతున్నారు. చిన్నాయన దీనికి పూర్తిగా వ్యతిరేకం. “లేని ఊరి పేరు తవ్వితె ఉన్న ఆడపడుచులు పంపకానికొస్తరు” అని ఆయన కోపం. వీలునామాలోని ఆ బిడ్డ వారసులు హుజూరాబాద్ వైపు ఉన్నారు. పెళ్లిళ్లకూ పేరంటాలకూ రాకపోకలు బాగానే సాగుతున్నాయి. ఇక ఎనభై దాటిన మేనత్త మొదట్లో పాత సంగతులు ఎన్నో చెప్పేవారు కానీ, తమ్ముడు ఫోను ముందు పెట్టి “ఆ జాగ ఎవరి పేరు మీద ఉండె?” అని అడిగిన నాటి నుంచి నోరు మెదపడం లేదు. వెతకడం కొనసాగించాలా, తమ్ముడికి నకలు ఇవ్వాలా, ఆడపడుచు వారసులకు ఈ కాగితం సంగతి చెప్పాలా అన్నవి ఆమె ప్రశ్నలు.

మీ ఉత్తరాన్ని ఒకటికి రెండుసార్లు చదివాను. ఇందులో రెండు ప్రశ్నలు ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. ఆ చెలక ఎక్కడ ఉంది అన్నది మీ ప్రశ్న. అది ఎవరిది అన్నది మీ తమ్ముడి ప్రశ్న, మీ చిన్నాయన భయం. మీరు మొదటిది అడిగిన ప్రతిసారీ ఇంట్లో వాళ్లకు రెండోదే వినిపిస్తోంది. ఈ రెండింటినీ విడదీయకుండా మీరు ఎంత మంచి మనసుతో వెతికినా అనుమానం పోదు. విడదీయడానికి ముందు, కాగితంలో ఉన్నదేమిటో సరిగా చదివామా లేదా అన్నది తేల్చుకోవాలి. నా అభిప్రాయంలో మీ ఇంటి కలతలో సగం ఆ తర్జుమా వల్ల వచ్చిందే.

మొదట తేదీ. ఖుర్దాద్ అన్న నెల హిజ్రీలో లేదు. హిజ్రీ నెలలు మొహర్రం, సఫర్, రబీ ఉల్ అవ్వల్ ఇలా సాగుతాయి. ఆజూర్, దై, బహమన్, ఇస్ఫందార్, ఫర్వర్దీ, అర్దీబెహిష్త్, ఖుర్దాద్ అనే వరుస నిజాం రాజ్యపు ఫసలీ లెక్కలోది, అంటే రెవెన్యూ పనులకు వాడిన సంవత్సర లెక్కలోది. ఆ సంవత్సరం అక్టోబరు మొదటి వారంలో ఆజూర్‌తో మొదలయ్యేది. ఫసలీ అంకెకు సంవత్సరం మొదటి నెలల్లో 590, జనవరి దాటాక 591 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. కాబట్టి 1338 ఖుర్దాద్ అంటే 1929 ఏప్రిల్ ప్రాంతం. హిజ్రీ 1338 అయితే 1919-20 అయ్యేది. ఈ తొమ్మిది పదేళ్ల తేడా మీకు ముఖ్యం. 1929లో మీ తాతగారి వయసెంత, వీలునామాలోని ఆ బిడ్డకు అప్పటికి పెళ్లయిందా, సాక్షులుగా వేలిముద్ర వేసినవారు ఎవరెవరు అన్నవి సరైన ఏడాది తెలిస్తేనే కుదురుతాయి.

ఇంతకన్నా పెద్ద సంగతి ఒకటి మీ ఉత్తరంలోనే ఉండి మీ కంట పడలేదని నాకు అనిపించింది. ఆ చెలక ముత్తవ్వకు పసుపు కుంకుమల కింద వచ్చిందని మీరే రాశారు. పసుపు కుంకుమల కింద ఇచ్చిన భూమి సాధారణంగా ఆడబిడ్డ తల్లిగారి ఊరి శివారులో ఉంటుంది. అత్తగారి ఊళ్లో ఉండదు. మీరు మాత్రం ఆ నాలుగు పేర్లనూ మీ ఊళ్లో, అంటే ముత్తవ్వ అత్తగారి ఊళ్లో అడిగారు. పెద్దమనుషులు మాకు తెలియదన్నారంటే వాళ్లు మరిచిపోయారని కాదు, అవి వాళ్ల ఊరి పేర్లే అయి ఉండవు. ముత్తవ్వ తల్లిగారి ఊరు ఏదో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. అన్నిటికన్నా ముందు తెలుసుకోవలసింది అదే. ఇలాంటి పత్రాల్లో హద్దులకు ముందు మౌజా (గ్రామం), తాలూకా పేర్లు రాయడం మామూలు. తర్జుమా చేసినవారు ఆ పంక్తిని అనవసరమని వదిలేసి ఉండవచ్చు. అసలు ఉర్దూ కాగితంలో దాన్ని వెతికించండి. ఒకవేళ ముత్తవ్వది మేనరికమై, పుట్టిన ఊరూ మెట్టిన ఊరూ ఒకటే అని తేలితే నేను చెప్పినది నిలవదు. అప్పుడు మీ శివారులోనే మళ్లీ వెతకాలి.

ఇక పేర్ల సంగతి. నిజాం రాజ్యంలో 1880లలో పారశీకం స్థానంలో ఉర్దూ పాలనా భాష అయింది. అప్పటి నుంచి తెలుగు పల్లెల్లోని చెరువులూ బావులూ చెలకలూ ఉర్దూ లిపిలో కాగితం ఎక్కుతూ వచ్చాయి. చెప్పేది తెలుగు నోరు, రాసేది ఉర్దూ చేయి. ఉర్దూలో బే అక్షరానికి కింద ఒక చుక్క, పే అక్షరానికి మూడు చుక్కలు. వడిగా రాసే షికస్తా దస్తూరిలో చుక్కలు కలిసిపోతాయి, కొన్నిసార్లు పడనే పడవు. కాఫ్‌కూ గాఫ్‌కూ తేడా పైన ఒక్క గీత. వావ్ అనే ఒకే అక్షరం ఊ, ఓ, ఔ అన్నిటికీ పనిచేస్తుంది. హ్రస్వమైన అచ్చులు చాలాచోట్ల రాయనే రాయరు. మన ళ, ణ అక్షరాలకు అందులో చోటే లేదు. కాబట్టి బోతారం అని చదివినది పోతారం కావడానికి ఎక్కువ అవకాశం ఉంది. పోతారం ఉత్తర తెలంగాణలో పలుచోట్ల వినిపించే ఊరి పేరు. గొండ్లకుంట అన్నది గౌండ్లకుంట కావచ్చు. తాళ్లు గీసే గౌండ్ల వాళ్ల పేరున కుంట ఉండటం మన పల్లెల్లో వింత కాదు. అదే నిజమైతే గోండులకూ ములుగు అడవికీ ఈ కాగితంతో సంబంధమే లేదు. నేను ఇది రూఢిగా చెప్పడం లేదు. కుంట పక్కన తాటివనమో ఈతవనమో ఉండేదా అని అక్కడి వాళ్లను అడిగితే ఊహ నిలుస్తుందో లేదో తేలుతుంది.

అందువల్ల కాగితాన్ని మరొకరితో చదివించండి. ఆ చదివేవారికి ఉర్దూ ఎంత వచ్చో తెలుగు పల్లె మాట కూడా అంత వచ్చి ఉండాలి. వరంగల్, హనుమకొండల్లో అలాంటి పెద్దలు, ఉర్దూ పండితులు ఇప్పటికీ ఉన్నారు. హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర పురావస్తు పత్రాల భాండాగారంలో పాత దస్తూరి చదవగలవారి గురించి విచారించవచ్చు. మీరు ఏమనుకుంటున్నారో వారికి ముందే చెప్పకండి. పోతారం అని మీరు అంటే వారికీ పోతారమే కనిపిస్తుంది. ప్రతి పేరునూ అక్షరం అక్షరంగా విడదీసి రాయించుకుని, దాన్ని ఎన్ని రకాలుగా పలకవచ్చో అన్నీ పక్కన రాసుకోండి. ఆ పలుకుబడుల పట్టికను చేతిలో పెట్టుకుని ఊళ్లోకి వెళితే ఫలితం వేరుగా ఉంటుంది.

హద్దులను ఒక్కొక్కటిగా కాక నాలుగింటినీ కలిపి చదవాలి. దక్షిణాన కుంట శిఖం హద్దు అన్నారు. కుంట కట్ట హద్దు అనలేదు. శిఖం అంటే నీళ్లు నిలిచే భూమి. చెలక దానికి ఉత్తరాన ఉందంటే కట్ట ఉత్తరపు వైపు లేదన్న మాట. ఉంటే హద్దుగా కట్టనే చెప్పేవారు. కట్ట అవతలి భూమి చాలావరకు చెలకగా కాక తరిగా ఉండేది. కాబట్టి కట్ట దక్షిణానో, తూర్పు పడమరల వైపో ఉండి, ఉత్తరాన మెరక చెలకలు ఉన్న కుంటను మీరు వెతకాలి. ఆ మెరకకు ఇంకా ఉత్తరాన ఒక ఒర్రె పారుతుండాలి, దాని దాపున జువ్వి చెట్టున్న బావి ఉండి ఉండాలి. చెట్టు పోయి ఉండవచ్చు, బావి పూడి ఉండవచ్చు, కానీ ఒర్రె పోకడ అంత తొందరగా మారదు. గ్రామ నక్షాలో చెరువులు, కుంటలు, వాగులు, బాటలు గీసి ఉంటాయి. నక్షా అంచుల్లో చుట్టూ ఉన్న గ్రామాల పేర్లు కూడా రాసి ఉంటాయి. తూర్పు అంచున పోతారం లాంటి పేరు కనబడితే మీ పని చాలావరకు అయినట్లే. ముత్తవ్వ తల్లిగారి ఊరు తెలిశాక ఆ గ్రామ నక్షా కోసం సర్వే, భూ రికార్డుల కార్యాలయంలో దరఖాస్తు పెట్టండి. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువులు, కుంటలను లెక్కలోకి తీసుకున్నారు. నీటిపారుదల శాఖ దగ్గర ఉండే చెరువుల జాబితాలో కుంట పేరు వేరే రాతలో దొరికినా దొరకవచ్చు.

బాట గురించి ఒక మాట. బాటకు అది చేరే ఊరి పేరు పెడతాం. ఈ ఊళ్లో పోతారం బాట అన్నది పోతారంలో ఈ ఊరి బాట అవుతుంది. పోతారం జనం లేచిపోయి ఆ ఊరే లేకపోతే ఆ బాటకు పేరు మారిపోతుంది, లేదా దున్నకంలో కలిసిపోతుంది. అందువల్ల పోతారం బాట ఎక్కడని అడిగితే ఎవరూ చెప్పలేకపోవచ్చు. ఊరికి తూర్పున పాటిగడ్డ ఏదైనా ఉందా అని అడగండి. బూడిద మట్టి, కుండపెంకులు తేలే ఎత్తుగడ్డను మన వైపు పాటిగడ్డ అంటారు. లేచిపోయిన ఊరికి అంతకన్నా మంచి గుర్తు లేదు. నిజాం కాలపు రెవెన్యూ కాగితాల్లో జనం లేని గ్రామాన్ని బేచిరాగ్ గ్రామంగా రాసేవారు. అలాంటి గ్రామానికి ఇళ్లు లేకపోయినా శివారు, సర్వే నంబర్లు విడిగా ఉంటాయి. స్వాతంత్ర్యం తర్వాత వచ్చిన జనగణన జిల్లా పుస్తకాల్లో తాలూకాల వారీగా ఇచ్చిన గ్రామాల జాబితాల్లో జనం లేని గ్రామాలు కూడా కనిపిస్తాయి. గ్రామదేవతలను కూడా మరువకండి. ఊరు లేచిపోయినా కట్ట మైసమ్మ, పోచమ్మ ఉన్నచోటనే ఉంటారు. ఏ ఊరివాళ్లు ఏ పొలం మధ్యకు వెళ్లి బోనం పెట్టుకుంటున్నారో చూస్తే పాత ఊరి జాడ తెలుస్తుంది.

ఈ జాబితాలు చూసేటప్పుడు జిల్లా పేరు మిమ్మల్ని దారి తప్పించకుండా చూసుకోండి. నిజాం కాలంలో పరకాల తాలూకా కరీంనగర్ జిల్లాలో ఉండేది. ఆ కరీంనగర్ జిల్లాకే 20వ శతాబ్దం ఆరంభం వరకు ఎలగందల అన్న పేరు ఉండేది. తర్వాత పరకాల వరంగల్ జిల్లాలోకి వచ్చింది, 2016లో వరంగల్ గ్రామీణ జిల్లాలోకి, 2021లో హనుమకొండ జిల్లాలోకి వెళ్లింది. మీరు వరంగల్ జిల్లా పాత పత్రాల్లో మాత్రమే వెతికితే ఏమీ దొరక్కపోవడం సహజం. కాగితం మీది పేరు ఒకటి, నోటి మీది పేరు ఒకటి కావడం మనకు కొత్త కాదు. మహబూబాబాద్‌ను నేటికీ మానుకోట అనే వాళ్లు ఎందరో ఉన్నారు. 1323లో ఢిల్లీ సుల్తానుల సేన ఓరుగల్లును గెలిచాక పెట్టిన సుల్తాన్‌పూర్ అన్న పేరు జనం నోట నిలవనే లేదు. ఈ వీలునామా విలువ కూడా అక్కడే ఉంది. సర్కారు దఫ్తరులో సర్వే నంబరుతో సరిపెట్టిన భూమికి, ఆ భూమిలో తిరిగిన మనిషి నోటి నుంచి వచ్చిన పేర్లు ఇందులో నిలిచాయి. చదువురాని ఒక స్త్రీ తన బిడ్డకు ఇవ్వదలచుకున్న నేలను ఏ చెట్టు, ఏ బావి, ఏ బాట గుర్తులతో చూసిందో మనకు తెలిపే కాగితాలు చాలా తక్కువ. మీరు దీన్ని పట్టుకుని వెతకాలనుకోవడం పూర్తిగా న్యాయమని నేను నమ్ముతున్నాను.

పాత పేరు, సర్వే నంబరు రెండూ ఒకేచోట పక్కపక్కన రాసి ఉన్న కాగితం దొరికితే వెతుకులాట తేలికవుతుంది. 1954-55 నాటి ఖాస్రా పహాణీ అనే రెవెన్యూ రికార్డులో సర్వే నంబర్లు, పట్టాదారులు, సాగు చేసినవారు కనిపిస్తారు. పడమర హద్దులోని కుమ్మరి కుటుంబం పేరు మీద ఒక నంబరు అందులో తేలితే, దానికి తూర్పున ఉన్న నంబరే మీ చెలక కావచ్చు. ఆ తర్వాతి దశాబ్దాల్లో రాసిన విక్రయ పత్రాల్లో, వీలునామాల్లో సర్వే నంబరుతో పాటు హద్దులు కూడా ఉంటాయి. నేటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం వీలునామాలు మూడో పుస్తకంలో నమోదవుతాయి. రాసినవారు చనిపోయాక ఎవరు దరఖాస్తు పెట్టినా నకలు ఇవ్వవచ్చు. అయితే చట్టం ఒప్పుకుంటుంది కదా అని ఇరుగుపొరుగు కుటుంబాల వీలునామాల నకళ్లు వాళ్లకు చెప్పకుండా తెచ్చుకోకండి. ఊళ్లో మీ మీద ఉన్న అనుమానం అప్పుడు నిజమై కూర్చుంటుంది. వాళ్లింటికి వెళ్లి, ఎందుకు కావాలో చెప్పి, వాళ్ల చేతనే తెప్పించుకోవడం ఆలస్యమైనా మేలు.

మీ మేనత్త సంగతికి వస్తాను. ఆమె మౌనాన్ని మతిమరుపుగా తీసుకోకండి. ఆమె కూడా ఆ ఇంటి ఆడబిడ్డే. ఆడబిడ్డకు రాసిన చెలక ఎవరి పేరు మీద ఉండేదని అన్న కొడుకు ఫోను ముందు పెట్టి అడిగినప్పుడు, తాను ఏమన్నా అది తన మాటగా మిగలదని, ఒక పక్షపు సాక్ష్యమవుతుందని ఆమెకు వెంటనే తెలిసి ఉంటుంది. అన్నదమ్ముల పిల్లల మధ్య తన మాట తగవు కాకూడదని ఆమె నోరు కట్టుకుని ఉంటారు. మీరు ఒక్కరే, ఫోను లేకుండా వెళ్లండి. భూమి మాట ఎత్తకండి. “అత్తమ్మా, మీ నాయనమ్మ తల్లిగారి ఊరు ఏది? మీరు చిన్నప్పుడు ఆడికి పోయేదా? ఏ బాటన పోయేది?” అని అడగండి. చిన్నప్పుడు బతుకమ్మకు తంగేడు, గునుగు ఎక్కడ తెంపుకొచ్చేవారో, ఏ కుంటలో బతుకమ్మను వేసేవారో, పశువులను ఎక్కడికి తోలేవారో అడగండి. పేర్లు ఆ మాటల వెంట వాటంతట అవే వస్తాయి.

ఇక్కడ ఇంకొకటి ఆలోచించండి. పెళ్లయి ఊరు విడిచిన స్త్రీలకు తల్లిగారి ఊరి పేర్లు తాము విడిచిన నాటివే మిగిలి ఉంటాయి. ఊళ్లోనే ఉన్నవాళ్లకు కుంట ఎండి, బాట మారి, వెంచరు పడి, పాత పేరు మీద కొత్త పేరు కూర్చుంటుంది. ఊరు వదిలిన ఆడబిడ్డకు అవేవీ తెలియవు కాబట్టి పాతదే నిలుస్తుంది. ఈ లెక్కన చూస్తే ఆ చెలక పేరు నేటికీ ఎవరి ఇంట్లోనైనా వినిపిస్తుంటే, అది హుజూరాబాద్ వైపు ఉన్న ఆ ఆడపడుచు వారసుల ఇంట్లోనే కావచ్చు. తమ అవ్వకు రాసిచ్చిన నేల పేరును, అది చేతికి వచ్చినా రాకపోయినా, ఆ ఇంట్లో ఒక్కరైనా చెప్పుకుంటూ ఉండి ఉంటారు. మీ చిన్నాయన ఎవరికి తెలియకూడదంటున్నారో, మీకు తెలియనిది వాళ్లకు తెలిసి ఉండే అవకాశం ఉంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం. అంతా కట్టిపెట్టి కాగితాన్ని సందుగలో పెట్టేయడం ఒకటి. ఇంట్లో కొంతకాలం నెమ్మది కలుగుతుంది. కానీ తప్పుగా చదివిన తర్జుమా మీ తమ్ముడి మనసులో అలాగే ఉంటుంది. ఆయన దాని వెంట వేరే మనుషుల సాయంతో వెళతారు. మేనత్తతో పాటు ఆ పేర్లు పోతాయి. ఎవరికీ చెప్పకుండా మీ పాటికి మీరు వెతుక్కోవడం రెండోది. పని సాగుతుంది గానీ, తల్లిగారి ఊళ్లో మీరు నక్షా పట్టుకుని తిరిగిన సంగతి పరకాల సంతకు వచ్చిన నలుగురి నోట మీ చిన్నాయనకు చేరకుండా ఉండదు. అప్పుడు మీరు ఏం చెప్పినా వినరు. అందరికీ ముందుగా చెప్పి, మీరు చేస్తున్నది పేర్ల పని మాత్రమేనని, మీ పుస్తకంలో సర్వే నంబర్లు గానీ నేటి పట్టాదారుల పేర్లు గానీ రాయనని మాటిచ్చి సాగించడం మూడోది. దీనివల్ల మొదట్లో మాటలు పడవలసి వస్తుంది. ఆడపడుచు వారసులు మాకేమైనా వస్తుందా అని అడిగే అవకాశం కూడా ఉంది, దాన్ని దాచను. అయినా నా మొగ్గు దీని వైపే. ఆ కాగితంలో వాళ్ల అవ్వ పేరు ఉంది. ఇన్నేళ్లు తెలియక చెప్పలేదంటే అర్థం చేసుకుంటారు. తెలిసీ దాచారని తర్వాత తేలితే రాకపోకలు తెగిపోతాయి. అయితే వాళ్లకు చెప్పే ముందు చిన్నాయనకు చెప్పండి. ఆయన పెద్దరికాన్ని దాటి వాళ్ల గడప తొక్కితే ఆయన కోపానికి న్యాయమైన కారణం దొరుకుతుంది. ఆ చెలక ముత్తవ్వ తల్లిగారి ఊళ్లోదని తేలితే, ఆయన సాగు చేసుకుంటున్న గుంట భూమికి కూడా దీనితో సంబంధం లేదని మీరు చూపించగలుగుతారు. అందుకే తల్లిగారి ఊరు ఏదో తేలేవరకు ఆయనతో ఈ చర్చ పెట్టకపోవడం మంచిది.

తమ్ముడి విషయంలో ఒక్క సంగతి ఆయనకు నెమ్మదిగా అర్థమయ్యేలా చెప్పండి. ఈ వీలునామా చెల్లుతుందని పట్టుబడితే ఆ చెలక ముత్తవ్వ బిడ్డది, కొడుకులది కాదు. మీ తమ్ముడికి అందులో హక్కు రాదు. వీలునామా చెల్లదంటే ఆయన చేతిలో ఆ హద్దులకు వేరే ఆధారమే లేదు. ఎటు తిప్పినా ఆయనకు కలిసిరాదు. పైగా కాగితం పాతదైనంత మాత్రాన కోర్టులో అది దానంతట అది రుజువు కాదు. 30 ఏళ్లు దాటిన పత్రాలను నిజమైనవిగా భావించే వెసులుబాటు వీలునామాలకు వర్తించదని సుప్రీంకోర్టు 2009లో చెప్పింది. వేరొకరి స్వాధీనంలో ఉన్న స్థిరాస్తి కోసం దావా వేయడానికి కాలపరిమితి చట్టంలో 12 ఏళ్ల గడువు ఉంది. అది ఎప్పటి నుంచి నడుస్తుందన్నది సందర్భాన్ని బట్టి మారుతుంది. ఈ విషయాలను ఒక సివిల్ న్యాయవాది దగ్గర ఇద్దరూ కలిసి కూర్చుని వినండి. అక్కగా మీరు చెప్పినదానికన్నా అక్కడ విన్నది ఆయన త్వరగా ఒప్పుకోవచ్చు. భూమి హక్కు గురించి నేను చెప్పగలిగింది ఇంతే. మిగిలింది అసలు కాగితం చూసిన న్యాయవాది చెప్పవలసిందే.

నకలు ఇవ్వాలా అంటే, ఇవ్వండి అంటాను. ఇవ్వకపోతే మీరు ఏదో దాస్తున్నారన్న మాట మిగులుతుంది. కానీ ఆయన ఒక్కరికే ఇవ్వకండి. కొత్తగా చదివించిన తర్జుమాతో కలిపి తమ్ముడికి, చిన్నాయనకు, ఆడపడుచు వారసులకు ఒకేసారి తలా ఒకటి ఇవ్వండి. అసలు కాగితం మాత్రం మీ దగ్గరే ఉండాలి. దాన్ని లామినేషన్ చేయించకండి, చిరిగినచోట టేపు అంటించకండి. రెండూ పాత కాగితాన్ని పాడుచేస్తాయి. పక్క నుంచి వెలుతురు పడేలా పెట్టి, ముందూ వెనుకా ఫోటోలు తీయించండి. చెరిగిన చుక్కలు, వెనుక వైపు ముద్రలు అప్పుడు బాగా కనబడతాయి. ఆ ముద్రలను బట్టి ఈ వీలునామా ఎక్కడైనా నమోదైందా అన్నది కూడా తేలవచ్చు. ఆ ఫోటోలతోనే ఉర్దూ చదివేవారి దగ్గరకు వెళ్లండి. మౌజా పంక్తి ఉందా లేదా అన్నది మొట్టమొదట అడగండి.